తుంటి బలము – బరువుల వ్యాయామము

"పిరుదు" అనే మాటను తరగతిలో ఉచ్చరిస్తే వెనుక బల్లల నుండి నవ్వు వినవస్తుంది. తెలుగు అధ్యాపకులమైన మాకు ఈ నవ్వు కొత్త కాదు. ప్రబంధములలోని వర్ణనలను పాఠముగా చెప్పవలసి వచ్చినప్పుడెల్లా ఆ నవ్వును దాటుకొనియే పద్యమును ముగిస్తున్నాము. మన కావ్యములలో నితంబమునకు ఉపమ కలదు, ఉత్ప్రేక్ష కలదు, అతిశయోక్తి కలదు. అది మనిషికి ఏ పని చేసి పెడుతున్నదో చెప్పిన కవి మాత్రము మా చదువులో తారసపడలేదు. కూర్చున్నవాడు లేచుటకు, మెట్లు ఎక్కుటకు, పరుగెత్తుటకు, నేల మీది బియ్యపు బస్తాను పైకెత్తుటకు కావలసిన బలములో పెద్ద భాగము అక్కడి నుండియే వస్తున్నది.

తెలుగు శాఖవారికి బరువుల వ్యాయామముతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. గత సంవత్సరము మా విద్యార్థి ఒకడు సెలవు దినములలో సినిమా చిత్రీకరణలకు పనికి పోతూ, ఒకనాడు తన ఫోనులో ఒక దృశ్యము చూపి, "సార్, నేను నెల రోజులలో వంద కిలోలు ఎత్తవలెను. ఫైటర్ల బృందములో చేరవలెనంటే శరీరము కావలెను" అన్నాడు. ఆ దృశ్యములో అతడు రాడ్డును ఎత్తుచున్నాడు. అతని వీపు విల్లు వలె వంగి ఉన్నది. చుట్టూ ఉన్న మిత్రులు చప్పట్లు కొట్టుచున్నారు. మాకు ఆ చప్పట్లు వినుటకు భయము కలిగినది. ఎందుకు భయము కలిగినదో ముందు చెప్పవలసి ఉన్నది.

మా అనుభవము

విశ్వవిద్యాలయములో ఎం.ఏ. ముగించి ఉద్యోగములో చేరిన తరువాత మా దినములో అధిక భాగము కుర్చీలోనే గడచినది. ప్రశ్నపత్రములు దిద్దుట, పాఠములు వ్రాసుకొనుట, బస్సులో కూర్చుండుట – ఇదియే మా వ్యాయామము. పొట్ట పెరిగినది, మెట్లు ఎక్కితే ఆయాసము వచ్చినది. శ్రీనగర్ కాలనీ పరిసరములలోని ఒక వ్యాయామశాలలో చేరినాము. దాని పేరు ఇచ్చట అనవసరము. చేరిన నాలుగవ దినముననే అక్కడి శిక్షకుడు మా చేతికి 60 కిలోల రాడ్డు ఇచ్చి డెడ్ లిఫ్ట్ చేయమన్నాడు. తుంటి వద్ద ఎట్లు వంగవలెనో ఆయన చెప్పలేదు, మేమును అడుగలేదు. పక్కన ఇరవై ఏండ్ల యువకులు వంద కిలోలు ఎత్తుచుండగా, అడుగుటకు సిగ్గుపడినాము. మూడవసారి ఎత్తునప్పుడు నడుములో ఏదో పట్టినట్లయినది.

మూడు వారములు మేము బోర్లా పడుకొని కాలము గడిపినాము. నమాజులో రుకూ చేయలేక కుర్చీ మీద కూర్చుండి చదువుకొనవలసి వచ్చినది. ముప్పై ఏండ్ల వయస్సులో మసీదులో వృద్ధుల వరుసలో కుర్చీ వేసుకొనుట ఎట్లుండునో అనుభవించినవారికే తెలియును. వైద్యుడు పరీక్షించి, ఎముకలకు దోషము లేదని, కండరము బెణికినదని చెప్పినాడు. తరువాత ఫిజియోథెరపీ నిపుణురాలు ఒకరు మమ్ములను చాప మీద వెల్లకిల పడుకొనబెట్టి, "ముందుగా నడుమును కదలనీయకుండ తుంటిని పైకెత్తుట నేర్చుకొనండి" అన్నారు. మేము ఎత్తలేకపోయినాము. 60 కిలోలు ఎత్తవచ్చిన వారము, బరువేమియు లేకుండ మా తుంటిని పదిసార్లు సరిగా ఎత్తలేకపోయినాము. మా పాఠము అచ్చటనే మొదలైనది. ఆ పాఠమునే ఈ వ్యాసములో విద్యార్థులకు అందజేయుచున్నాము.

కండరముల పరిచయము

తుంటి కీలు ఒక గిన్నెలో బంతి అమరినట్టి కీలు. కటి ఎముకలోని గుంట గిన్నె, తొడ ఎముక పైకొన బంతి. ఈ కీలు వద్ద తొడను వెనుకకు నెట్టుట, లేక వంగిన మొండెమును నిటారుగా లేపుట – ఈ రెండింటిని కలిపి తుంటి చాపు అనవచ్చును. నిటారుగా నిలిచినప్పుడు తొడ ఇంకను వెనుకకు పోగలిగినది చాల తక్కువ, సుమారు 10 నుండి 20 డిగ్రీలు మాత్రమే. ఈ సంఖ్యను విద్యార్థులు జ్ఞాపకము ఉంచుకొనవలెను. అంతకు మించి వెనుకకు వంగినట్లు కనబడితే, ఆ వంపు తుంటిది కాదు, నడుముది.

ఈ పని చేయు కండరములలో ప్రధానమైనది గ్లూటియస్ మాక్సిమస్, అనగా పిరుదులోని పెద్ద కండరము. మానవ శరీరములోని కండరములలో ఇదియే పెద్దది. ఇది కటి ఎముక వెనుక భాగము నుండి, త్రికము నుండి, అనుత్రికము నుండి బయలుదేరి, కొంత తొడ ఎముకకును, అధిక భాగము తొడ బయటి వైపున మోకాలి దాక దిగు పట్టీ వంటి పొరకును అతుకుకొని ఉన్నది. దీని క్రింద మధ్యమ, లఘు కండరములు రెండు కలవు. ఒంటికాలిపై నిలిచినప్పుడు కటి ఒక వైపునకు ఒరిగిపోకుండ నిలుపుట వాటి పని. తొడ వెనుక భాగపు కండరములు, తొడ లోపలి వైపున ఉన్న పెద్ద కండరము కూడ తుంటి చాపుకు తోడ్పడుచున్నవి.

పెద్ద కండరము బలహీనమైతే దాని పని ఆగిపోదు. ఆ పని నడుము మీదను, తొడ వెనుక కండరముల మీదను పడుతుంది. ఇంటిలో పెద్దకొడుకు పని మానుకుంటే చిన్నవాడు మోయవలసి వచ్చినట్లు, నడుములోని చిన్న కండరములు తమది కాని బరువును మోస్తాయి. మా నడుము పట్టుటకు మూలము ఇదే.

మన చుట్టూ ఉన్న బరువులు

శ్రీనగర్ కాలనీ నుండి కృష్ణానగర్ వైపునకు ఉదయము నడచి చూడండి. చిత్రీకరణకు పోవు బండ్ల కోసము నిలిచిన కార్మికులు కనబడుదురు. వారిలో లైట్లు మోయువారు కలరు, స్టాండ్లు, పట్టాలు, పెట్టెలు ఎత్తువారు కలరు, గుంపులో నాట్యము చేయువారు కలరు, పోరాట దృశ్యములలో ఎత్తు నుండి దూకువారు కలరు. తెర మీద నాయకుని కండలు కనబడును. తెర వెనుక నేల మీది నుండి బరువులెత్తు నడుములు కనబడవు. ఆ పనులలో దినమునకు ఎన్నిసార్లు వంగి లేవవలసి వచ్చునో లెక్కకు అందదు. మన విద్యార్థులలో కొందరి తండ్రులు, అన్నలు ఈ పనులలోనే ఉన్నారు.

బరువులకును మన చలనచిత్రములకును సంబంధము కొత్తది కాదు. 1963లో విడుదలైన నర్తనశాలలో భీముని పాత్ర ధరించిన దండమూడి రాజగోపాల్ వృత్తి నటుడు కాడు. ఆయన బరువులెత్తుటలో దేశమున పేరుపొందిన క్రీడాకారుడు. విజయవాడలోని ఇండోర్ స్టేడియమునకు ఆయన పేరే పెట్టినారు. అంతకు పూర్వము శ్రీకాకుళము ప్రాంతమునకు చెందిన కోడి రామమూర్తి నాయుడు తన బల ప్రదర్శనలచే కలియుగ భీముడని ప్రఖ్యాతి పొందినాడు. మన హైదరాబాదు పాతనగరపు తాలీంఖానాలలో బైఠకులు, దండీలు తీయించు ఉస్తాదులు ఉండిరి. రాయలసీమ గ్రామములలో పండుగ దినములందు గుండు ఎత్తు పందెములు జరుగుచుండెను. ఉస్తాదు ఎదుట శిష్యుడు బైఠకు సరిగా తీయుట వచ్చిన తరువాతనే తక్కిన విద్య మొదలు. ఆ క్రమమును మరచి పరికరములను మాత్రము తెచ్చుకొనుట వలననే ప్రమాదములు సంభవించుచున్నవి.

మొదటి పాఠము: వంగుట

వంగుటలో రెండు విధములు కలవు. ఒకటి నడుము వద్ద వంగుట, అందులో వెన్ను గుండ్రమవుతుంది. రెండవది తుంటి వద్ద వంగుట, అందులో వెన్ను చదునుగా నిలిచి తుంటి వెనుకకు పోతుంది. బరువు ఎత్తువాడు రెండవదానిని నేర్చుకొనవలెను.

మన కళాశాలలోని ముస్లిం విద్యార్థులకు ఈ రెండవ వంపు చిన్ననాటి నుండియే తెలియును. రుకూలో చేతులు మోకాళ్ళపై ఉంచి, వీపును చదునుగా నిలుపవలెనని పెద్దలు నేర్పినారు. ఆ చదును వీపునే బరువు ఎత్తునప్పుడు జ్ఞాపకము చేసుకొనవలెను. రుకూ ఆరాధన, వ్యాయామము వ్యాయామము. రెండింటిని ఒకటని మేము అనుట లేదు. శరీరమునకు తెలిసిన మార్గమును చూపుచున్నాము, అంతే. తక్కిన విద్యార్థులకు మరొక ఉదాహరణము: రెండు చేతులతో నీళ్ళ బిందెలు పట్టుకొని, వెనుక ఉన్న తలుపును పిరుదుతో నెట్టి మూయుట. ఆ కదలికయే తుంటి వంపు.

సరిగా వంగుచున్నామో లేదో తెలుసుకొనుటకు ఒక చీపురు కర్ర చాలును. కర్రను వీపు వెంబడి నిలువుగా పట్టుకొనవలెను. అది తల వెనుక, భుజముల నడుమ, పిరుదుల నడుమ ఉన్న త్రికము వద్ద – ఈ మూడు చోట్ల తాకవలెను. వంగి లేచునంతసేపు మూడింటిలో ఏ ఒక్కటియు కర్రను విడువకూడదు. విడిచినచో వెన్ను వంగినదని అర్థము. కర్రతో ఇరవైసార్లు తప్పు లేకుండ వంగగలిగిన తరువాతనే చేతిలో బరువు పట్టవలెను.

దీనికి కారణము చిన్న లెక్క ద్వారా తెలియును. 20 కిలోల బరువును నడుము కీలుకు 30 సెంటీమీటర్ల దూరములో పట్టుకొన్నామనుకొందాము. 20ని 30తో గుణిస్తే 600. వెన్ను వెంబడి ఉన్న కండరములు కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరములో మాత్రమే ఉన్నవి. కనుక ఆ బరువును నిలుపుటకు అవి 120 కిలోల బలముతో లాగవలెను. అదే బరువును 60 సెంటీమీటర్ల దూరములో పట్టుకొంటే 240 కిలోల బలము కావలెను. మొండెము యొక్క బరువు దీనికి అదనము. బరువు మారలేదు, దూరము మారినది. అందుచేత రాడ్డును కాళ్ళను ఆనుకొనునట్లు ఉంచుటయే నడుమునకు రక్ష.

నాలుగు వ్యాయామములు

ఒకటి, వంతెన. వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడచి పాదములు నేలపై ఆనించవలెను. ఊపిరి విడుచుచు, మడమలతో నేలను నొక్కి తుంటిని పైకెత్తవలెను. భుజము, తుంటి, మోకాలు ఒకే సరళరేఖలోకి వచ్చునంత వరకే ఎత్తవలెను. అక్కడ రెండు క్షణములు నిలిచి, పిరుదులను గట్టిగా బిగించి, మెల్లగా దించవలెను. నడుములో పట్టినట్లుంటే ఎక్కువ ఎత్తుచున్నామని అర్థము. పక్కటెముకలను క్రిందికి దించి, బొడ్డును ముఖము వైపునకు తిప్పినట్లు కటిని సవరించుకొనవలెను. తొడ వెనుక కండరము పట్టేస్తే మడమలను కొంచెము దగ్గరకు జరుపవలెను. 12 సార్లు చొప్పున మూడు సెట్లు సుఖముగా వచ్చువరకు రెండు మూడు వారములు ఇదియే చేయవలెను.

రెండు, హిప్ థ్రస్ట్. ఇది వంతెనకు అన్న వంటిది. సుమారు 40 సెంటీమీటర్ల ఎత్తు గల బెంచికి భుజపుటెముకల క్రింది అంచును ఆనించి, రాడ్డును తుంటి మడత మీద ఉంచుకొని ఎత్తవలెను. బెంచి వెనుకకు జారకుండ గోడకు ఆనించుట మొదటి జాగ్రత్త. రాడ్డు క్రింద మందపాటి దిండు గాని, నాలుగు మడతల దుప్పటి గాని ఉంచుట రెండవది. పైకి వచ్చినప్పుడు పిక్క ఎముక నేలకు నిలువుగాను, తొడ నేలకు సమాంతరముగాను ఉండవలెను. గడ్డము ఛాతీ వైపునకు కొద్దిగా వంచి, చూపు ఎదుటి గోడ మీద ఉంచవలెను. తల వెనుకకు వాల్చినచో నడుము కూడ దాని వెంట వంగుతుంది. 45 సెంటీమీటర్ల వ్యాసము గల పెద్ద ప్లేట్లు ఉంటే రాడ్డు కాళ్ళ మీదుగా దొర్లి వస్తుంది. చిన్న ప్లేట్లు అయినచో ఇద్దరు మిత్రులు రెండు కొనలు పట్టి ఒడిలో ఉంచవలెను, ఒంటరిగా ప్రయత్నించరాదు.

మూడు, రుమేనియన్ డెడ్ లిఫ్ట్. 1984 ఒలింపిక్ విజేత, రుమేనియా దేశీయుడు నికు వ్లాద్ 1990లో అమెరికాలో ఈ వ్యాయామమును చేయగా చూచినవారు దీనికి ఆ దేశపు పేరు పెట్టినారు. నిలబడి రాడ్డును తొడలకు ఆనించి పట్టుకొనవలెను. మోకాళ్ళు కొద్దిగా సడలించి, తలుపును నెట్టినట్లు తుంటిని వెనుకకు నెట్టవలెను. రాడ్డు తొడల వెంబడి జారుచు మోకాళ్ళ క్రిందికి వస్తుంది. వీపు గుండ్రమగుటకు ముందే ఆగి, మడమలతో నేలను నొక్కి లేవవలెను. నిటారుగా నిలిచిన తరువాత వెనుకకు వాలుట ఒక సాధారణ దోషము. తుంటికి అక్కడ మిగిలిన చలనము చాల తక్కువని పైన చెప్పియున్నాము.

నాలుగు, బరువుతో గుంజీలు, మెట్టు ఎక్కుట. గుంజీలు మన బడిపిల్లలకు శిక్షగా తెలియును గాని, అది స్క్వాట్ అనే ఉత్తమ వ్యాయామము. ఒక డంబెల్‌ను ఛాతీకి ఆనించి పట్టుకొని, మడమలు నేల విడువకుండ, మోకాళ్ళు పాదముల దిశలోనే ఉండునట్లు కూర్చుండి లేవవలెను. మెట్టు ఎక్కుటకు మొదట ఒక జానెడు ఎత్తు గల పీట చాలును. ఎక్కిన కాలితోనే లేవవలెను. నేల మీది కాలితో ఎగిరి సహాయము తీసికొనరాదు.

వీనిలో ఏది మేలైనదని వాదించువారు కలరు. 2023లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, బరువుల అభ్యాసము లేని యువతీ యువకులలో కొందరిచే హిప్ థ్రస్ట్, కొందరిచే స్క్వాట్ తొమ్మిది వారములు చేయించి చూచినారు. పిరుదు కండరము పెరుగుదల రెండు బృందములలో ఇంచుమించు సమానముగా ఉన్నది. తొడ కండరములు స్క్వాట్ చేసినవారిలో ఎక్కువ పెరిగినవి. కనుక తనకు నొప్పి లేకుండ, తప్పు లేకుండ వచ్చుదానితో మొదలుపెట్టుటయే వివేకము.

బరువు ఎంత, ఎప్పుడు పెంచవలెను

రెండవ ప్రపంచ యుద్ధములో గాయపడిన సైనికులకు చికిత్స చేయుచు, థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు క్రమవృద్ధి పద్ధతిని 1945లో ప్రకటించినాడు. 1948లో ఆయనయు, వాట్కిన్స్ అనే వైద్యుడును కలిసి దానిని సులభము చేసినారు. మనము సరిగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును కనుగొని, మొదటి సెట్టులో దానిలో సగము, రెండవ సెట్టులో ముప్పాతిక, మూడవ సెట్టులో పూర్తి బరువు పదేసిసార్లు ఎత్తవలెను. ఒకని పదిసార్ల బరువు 40 కిలోలు అయితే, అతని సెట్లు 20, 30, 40 కిలోలు. తేలిక సెట్లే శరీరమును వేడెక్కించును గనుక క్రొత్తవారికి ఈ పద్ధతి చాల అనుకూలము.

పెంచుటకు కూడ ఒక నియమము కలదు. చివరి సెట్టులో నిర్ణయించిన సంఖ్య కంటె రెండుసార్లు అధికముగా, వరుసగా రెండు దినముల అభ్యాసములో చేయగలిగినప్పుడు మాత్రమే బరువు పెంచవలెను. పెంపు 2.5 కిలోలు, మహా అయితే 5 కిలోలు. పోటీలలో పురుషుల రాడ్డు 20 కిలోలు, స్త్రీలది 15 కిలోలు ఉండును. సాధారణ వ్యాయామశాలల రాడ్లు ఇంతకంటె తేలికగా ఉండవచ్చును గనుక, ఒకసారి తూచి గోడ మీద వ్రాసియుంచుట మంచిది.

ఈ సందర్భమున కరణం మల్లీశ్వరిని స్మరించుట మన ధర్మము. శ్రీకాకుళము జిల్లా ఆముదాలవలస ప్రాంతములో జన్మించిన ఆమె 1994లోను, 1995లోను ప్రపంచ విజేత అయినారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచినారు. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. చివరి ప్రయత్నములో ఆమె స్వర్ణము కోసము 137.5 కిలోలు కోరినారు, అది నిలువలేదు. పది సంవత్సరముల సాధన వెనుక గల వీరాంగనకు కూడ ఒక్కసారిగా 7.5 కిలోల పెంపు కొరకరాని కొయ్య అయినది. అది ఒలింపిక్ పోటీ, అచ్చట సాహసము తగును. మన వ్యాయామశాల పోటీ స్థలము కాదు. అచ్చట ఎవరును మనకు పతకము ఇచ్చుట లేదు.

వారమునకు రెండు లేక మూడు దినములు చాలును. రెండు అభ్యాసముల నడుమ 48 గంటల విరామము ఉండవలెను. పెద్దలు వారమునకు కనీసము రెండు దినములు కండరములకు బలము చేకూర్చు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

హెచ్చరికలు

కండరపు అలసట వేరు, నొప్పి వేరు. మరునాడు పిరుదులలో, తొడలలో బరువుగా, సలుపుగా ఉండుట సహజము, రెండు మూడు దినములలో తగ్గును. ఎత్తునప్పుడే పొడిచినట్లు వచ్చు నొప్పి, కీలులోని నొప్పి, నడుము నుండి మోకాలి క్రిందికి దిగు నొప్పి, తిమ్మిరి – ఇవి ఆపవలెనని శరీరము చేయు హెచ్చరికలు. పాదములో బలము తగ్గుట, తొడల నడుమ స్పర్శ తెలియకపోవుట, మూత్రము మీద అదుపు తప్పుట జరిగినచో క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. రక్తపోటు, హెర్నియా ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు, గర్భిణులు వైద్యుని అడుగకుండ మొదలుపెట్టరాదు. బరువు ఎత్తునప్పుడు ఊపిరి బిగబట్టి ఉంచితే రక్తపోటు హఠాత్తుగా పెరుగును. క్రొత్తవారు ఎత్తునప్పుడు ఊపిరి విడుచుట అలవరచుకొనవలెను.

రంజాన్ మాసములో బరువులు మానవలసిన పని లేదు గాని, తగ్గించుట మేలు. ఇఫ్తార్ అయి, నీరు త్రాగి, కొంత వ్యవధి గడచిన తరువాత తేలిక సెట్లు చేయవచ్చును. ఉపవాసములో ఎండ వేళ బరువులు ముట్టరాదు.

ఆహార విషయమున మన విద్యార్థులు పొడుల డబ్బాలకు వేల రూపాయలు వెచ్చించుట చూస్తున్నాము. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రకారము, దినమునకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలును. 60 కిలోల వానికి సుమారు 50 గ్రాములు. బరువుల అభ్యాసము చేయువారికి ఇంతకంటె కొంత ఎక్కువ కావలసి వచ్చినను, పప్పు, గ్రుడ్లు, పాలు, మాంసము, వేరుశనగలతో అది లభించును. కండలు పెంచుటకు పొడులను వాడవద్దని అదే సంస్థ 2024లో చెప్పినది. ఇక ఇంజెక్షనుల మాట. వైద్యుడు వ్రాయని స్టెరాయిడ్లు గుండెను, కాలేయమును, సంతానశక్తిని దెబ్బతీయును. తెర మీద నాలుగు నిమిషములు కనబడుట కోసము నలభై ఏండ్ల ఆరోగ్యమును తాకట్టు పెట్టవద్దని చేతులు జోడించి కోరుచున్నాము.

విద్యార్థినుల విషయము

బరువులెత్తితే ఆడపిల్లలు మగవారి వలె తయారగుదురని, గర్భాశయము జారునని ఇండ్లలో అనుకొనుట వింటున్నాము. ఆరోగ్యవంతులైన ఆడపిల్లలు క్రమపద్ధతిలో చేయు అభ్యాసము వలన అట్లు జరుగదు. బిందెలు, బియ్యపు మూటలు, గ్యాసు సిలిండర్లు మన ఇండ్లలో ఎత్తుచున్నది ఎక్కువగా స్త్రీలే. ఎట్లు ఎత్తవలెనో నేర్పకుండ ఎత్తించుట న్యాయమా? వయస్సు మళ్ళిన తరువాత కుర్చీ నుండి లేచుటకు చేతి ఊత వెదకుకొను మన తల్లులను చూచినప్పుడు, వారికి ఎవరైనను పాతికేండ్ల వయస్సులో ఈ పాఠము చెప్పియుంటే ఎంత బాగుండెడిదో కదా అనిపిస్తున్నది.

కమిటీవారికి మనవి

మన కళాశాల క్రింది అంతస్తులోని ఒక గదిలో రెండు రాడ్లు, కొన్ని ప్లేట్లు, ఒక విరిగిన బెంచి తాళము వేయబడి తుప్పు పట్టుచున్నవి. ప్రమాదము జరుగునేమో అనే భయముతో తాళము వేసినారని విన్నాము. భయము సరియైనదే. తాళము వలన విద్యార్థులు బరువులు ఎత్తుట మానుకొనలేదు. నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చి, ఎవరును నేర్పని చోట ఎత్తుచున్నారు. ప్రమాదము గది నుండి బజారుకు మారినది, అంతే.

కమిటీవారు దయతో నాలుగు పనులు చేయవలెనని ప్రార్థించుచున్నాము. గది నేలకు రబ్బరు పరుపు వేయించుట. జారని బెంచి ఒకటి, 2.5 కిలోల చిన్న ప్లేట్లు నాలుగు కొనుట. వారమునకు మూడు దినములు అర్హత గల శిక్షకుని పిలిపించుట. విద్యార్థినులకు ప్రత్యేకమైన వేళను, సాధ్యమైనచో శిక్షకురాలిని ఏర్పాటు చేయుట. ఒక వార్షికోత్సవపు షామియానాకును, దీపాలంకరణకును అగు ఖర్చుకు ఇది మించదని మా అంచనా.

ముగింపు

వంద కిలోలు ఎత్తవలెనన్న ఆ విద్యార్థిని గూర్చి పాఠకులు తెలుసుకొనగోరవచ్చును. మొదటి దినమున మేము అతని చేతికి చీపురు కర్ర ఇచ్చినాము. అతడు నొచ్చుకొన్నాడు. "సార్, నేను ఊడ్చుటకు రాలేదు" అన్నాడు. "బేటా, మేము మూడు వారములు పడుకొని నేర్చుకొన్న పాఠమిది. నీవు నిలబడియే నేర్చుకొనుము" అన్నాము. వరండాలో చాప పరచి వంతెన చేయించినాము. పదిసార్లకు అతని తొడలు వణకినవి.

ఎనిమిది నెలలు గడచినవి. అతడు ఇంకను వంద కిలోలు ఎత్తలేదు. ఇప్పుడు 70 కిలోలు పదిసార్లు, చదును వీపుతో ఎత్తుచున్నాడు. మొన్న ఒక చిత్రీకరణలో రోజంతయు లైట్ల పెట్టెలు ఎత్తి వచ్చి, "సార్, ఈసారి నడుము నొవ్వలేదు" అని చెప్పినాడు. అతని తండ్రి కూడ అదే పనిలో ఉండి, నడుము నొప్పితో పని మానుకొన్నవాడు. "నాన్నకు కూడ కర్ర ఇచ్చి నేర్పుచున్నాను" అన్నాడు.

మాకు గురుదక్షిణ ముట్టినది. తాళము తీయుట మాత్రము మిగిలి ఉన్నది.